తక్కువ ఖర్చులో చాయ్ ట్రే, కప్పులు, కేత్లీ: బెజవాడలో ఏది కొనాలి, ఏది వదిలేయాలి

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్ళు సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, వాంబే కాలనీల మీద పడ్డప్పుడు పోయినవి ఫ్రిజ్జులు, పరుపులు, బీరువాలు అని అందరూ రాశారు. నీళ్ళు తీశాక పలకరించడానికి చుట్టాలు వస్తే వాళ్ళ ముందు చాయ్ పెట్టడానికి ట్రే లేదు, సరైన గ్లాసులు నాలుగు లేవు. ఇది ఎవరూ రాయలేదు. కింది అంతస్తు ఇళ్ళకి ప్రభుత్వం ఇచ్చిన 25 వేలల్లో స్టవ్వు, పరుపు, పిల్లల పుస్తకాలు పోగా చాయ్ సామానుకి మిగిలేది ఎంత? మన ఇళ్ళల్లో మెహమాన్ వస్తే ముందు నీళ్ళు, వెనకే చాయ్. అది లేకుండా పంపితే ఇంటావిడ మనసు ఊరుకోదు. అందుకని చేతిలో ఉన్న కొద్ది డబ్బుతో ఎక్కువ కాలం నిలిచే సామాను ఎలా చూసుకోవాలో ఇక్కడ రాస్తున్నాం. వరదలో పోయినవాళ్ళకే కాదు, కొత్తగా కాపురం పెట్టేవాళ్ళకీ, రంజాన్ ముందు పాతవి మార్చేవాళ్ళకీ పనికొస్తుంది.

మొదట ఒక లెక్క. ప్లాస్టిక్ ట్రే 60 రూపాయలు అనుకోండి. వేడి గ్లాసులు పెట్టీ పెట్టీ అది మధ్యలో వంగుతుంది, ఏడాదికొకటి మారుస్తాం. అయిదేళ్ళకి 300. అదే 300 ఒకేసారి పెట్టి మంచి స్టీలు ట్రే కొంటే అయిదేళ్ళ తర్వాత కూడా అది వంటింట్లోనే ఉంటుంది. పాతబడ్డాక తూకానికి వేసినా ఎంతోకొంత వస్తుంది. చవక అంటే ఈ రోజు ఇచ్చే డబ్బు ఒక్కటే చూడకూడదు. అలాగని ఖరీదైందల్లా గట్టిదనీ కాదు, ఆ సంగతి కింద వస్తుంది.

ట్రే: పెద్దవాళ్ళ మాటలో సీనీ

మన నానీలు, దాదీలు దీన్ని సీనీ అనేవారు. ఉర్దూలో కిష్తీ అని కూడా అంటారు. ఇప్పుడు అందరికీ ట్రేనే. షాపులో నాలుగైదు రకాలు ఒకదాని పక్కన ఒకటి పెడతారు, మెరుపు చూసి చెయ్యి వేస్తాం. తప్పు అక్కడే జరుగుతుంది.

పువ్వుల బొమ్మలతో, చెక్కలా కనిపించే ట్రేలు చూడ్డానికి బాగుంటాయి. వాటిలో చాలావరకు లోపల ఉండేది చెక్క కాదు, చెక్కపొట్టు అదిమి చేసిన ఎండీఎఫ్ అట్ట. కృష్ణా డెల్టా గాలిలో తడి ఎక్కువ. అంచు దగ్గర పైన అంటించిన కాగితం కొంచెం లేచిందంటే చాలు, నీళ్ళు లోపలికి పోయి ఒక్క వానాకాలంలో ట్రే బిస్కెట్టులా ఉబ్బుతుంది. కొనాలనే ఉంటే తిరగేసి అడుగు, మూలలు చూడండి. అడుగున పచ్చి అట్ట కనిపిస్తే పక్కన పెట్టేయండి.

షాపువాళ్ళు ఫైబర్ ట్రే అని చెప్పేది ఎక్కువగా మెలమైన్. తేలిక, తుప్పు పట్టదు, కిందపడినా త్వరగా పగలదు. ట్రేకి మెలమైన్ పనికొస్తుంది, ఎందుకంటే చాయ్ దానికి నేరుగా తగలదు. మెలమైన్ కప్పు మాత్రం వద్దు. 70 డిగ్రీలు దాటిన వేడి పదార్థాలకి ఈ సామాను వాడొద్దని జర్మనీ ప్రభుత్వ సంస్థ బీఎఫ్‌ఆర్ చెప్పింది. పొయ్యి మీంచి దించిన మన చాయ్ అంతకంటే వేడి. మైక్రోవేవ్‌లో అసలు పెట్టకూడదు.

జర్మన్ సిల్వర్ ట్రేలు నిశ్చితార్థాల్లో, షాదీల్లో బాగా కనిపిస్తున్నాయి. పేరులో వెండి ఉంది గానీ లోహంలో వెండి ఉండదు. రాగి, నికెల్, జింకు కలిపిన మిశ్రమం అది. బంగారు, వెండి పాత్రల్లో తినడం, తాగడం హదీసులో మనాయి ఉంది కాబట్టి కొందరు దీన్నీ అనుమానంగా చూస్తారు. అసలు జర్మన్ సిల్వర్‌కి ఆ అనుమానం అక్కర్లేదు. కానీ పైన నిజంగా వెండి పూత వేసినవీ అమ్ముతారు, వాటి సంగతి మీ ఆలిమ్‌ని అడగండి. నా మాటైతే, జర్మన్ సిల్వర్ రోజువారీ ట్రే కాదు. నల్లబడుతుంది, తోమితే గీతలు పడతాయి, మిఠాయి పెట్టి ఇవ్వడానికి తప్ప ఇంట్లో పనికి రాదు.

మిగిలింది స్టీలు. ఇక్కడే కొంచెం తీరిగ్గా చూడాలి.

స్టీలు సామాను చాలా షాపుల్లో తూకానికి ఇస్తారు. ట్రే ధర కాదు, కిలో ధర అడగండి. చూపుకి ఒకేలా ఉన్న రెండు ట్రేలు తూకం వేస్తే ఒకటి 400 గ్రాములు, ఇంకోటి 650 గ్రాములు ఉండొచ్చు. రెండోది మందం. రేకు మందాన్ని గేజుల్లో చెబుతారు. గేజు అంకె తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుందని గుర్తుంచుకోండి, అంటే 22 కంటే 20 గేజు గట్టిది. చేత్తోనే చూడాలంటే ట్రేని రెండు చేతులా పట్టుకుని బొటనవేళ్ళతో మధ్యలో నొక్కండి. టక్కుమని లోపలికి పోయి మళ్ళీ పైకి లేస్తే అది పలచన. ఆరు నిండు గ్లాసుల బరువు ఒకటిన్నర కిలో పైమాటే. ఆ బరువుకి అది మధ్యలో దిగుతుంది, గ్లాసులన్నీ ఒకదాని మీదకి ఒకటి జారతాయి.

ఇక 304, 202 అనే అంకెలు. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202లో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు. చవక, మెరుపులో తేడా తెలియదు. అయస్కాంతం పెట్టి చూడమని అందరూ చెబుతారు. నిజానికి ఆ పరీక్ష సగమే. 304కీ అంటదు, 202కీ అంటదు. అంటిందంటే నికెల్ లేని రకం అని తెలుస్తుంది, అంతవరకే. పైగా బాగా నొక్కి మలిచిన 304 మూలల్లో అయస్కాంతం కొద్దిగా లాగొచ్చు కూడా.

మరి తేడా ఎక్కడ తెలుస్తుంది? ఉప్పు నీళ్ళలో. విజయవాడలో మున్సిపాలిటీ కుళాయి నీళ్ళు వాడేవాళ్ళకి 202 ట్రే ఏళ్ళ తరబడి బాగానే ఉంటుంది. బందరు, నాగాయలంక, కృత్తివెన్ను వైపు బోరు నీళ్ళు ఉప్పన. ఆ నీళ్ళతో కడిగి ఆరబెట్టకుండా పెడితే 202 మీద సూది మొనంత ఎర్ర చుక్కలు వస్తాయి. నాకు జరిగిందే చెబుతా. బందరులో చెల్లెలి ఇంటికని ఒక షాపులో 304 అని చెబితే రెండు ట్రేలు కొన్నాను, బిల్లు తీసుకోలేదు. మూడు నెలలకే చుక్కలు. తీసుకెళ్ళి చూపిస్తే మీ నీళ్ళు మంచివి కాదన్నారు. బిల్లు మీద 304 అని రాయించుకుని ఉంటే కనీసం గట్టిగా అడిగేదాన్ని. తీరం వైపు ఉన్నవాళ్ళు రాయించుకోకుండా కొనొద్దు. పట్నంలో ఉన్నవాళ్ళు 304 కోసం ఎక్కువ ఇవ్వాల్సిన అవసరం నాకు కనిపించదు. ఆ తేడా డబ్బు చాయ్ కాచే గిన్నెకి పెట్టుకోండి.

స్టీలు, అల్యూమినియం పాత్రలకి ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి చేస్తూ కేంద్రం 2024 మార్చి 14న ఉత్తర్వు ఇచ్చింది. స్టీలుకి ఐఎస్ 14756, అల్యూమినియానికి ఐఎస్ 1660. మార్కు కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే తయారీదారు పేరు వస్తుంది. రాకపోతే మార్కు నకిలీ అయి ఉండొచ్చు.

సైజు విషయంలో ఇంట్లోనే ఒక పని చేయండి. మీ సాసర్లు ఆరు పాత పేపరు మీద పేర్చి చుట్టూ గీత గీయండి. 14 సెంటీమీటర్ల సాసర్లయితే మూడు పొడవునా రెండు అడ్డంగా పెడితే 42కి 28 సెంటీమీటర్లు కావాలి, అదీ లోపలి కొలత. ఆ పేపరు మడిచి సంచిలో వేసుకుని వెళ్ళండి. షాపులో పెద్దదిగా కనిపించిన ట్రేలో ఇంటికొచ్చాక నాలుగు సాసర్లే పట్టడం అందరికీ జరిగేదే. సాసర్లు లేకుండా ఒట్టి గ్లాసుల్లో ఇచ్చే ఇంట్లో ఇందులో సగం సైజు చాలు.

అంచు రెండు మూడు సెంటీమీటర్లు పైకి లేచి ఉండాలి. దస్తర్‌ఖాన్ దగ్గర పిల్లలు పాకుతూ ఉంటారు, ట్రే పట్టుకుని లాగుతారు. అంచు లేని ఫ్యాషన్ ట్రే మీంచి గ్లాసు జారితే చాయ్ పిల్లాడి మీదే. కాలితే వెంటనే కుళాయి కింద 20 నిమిషాలు మామూలు నీళ్ళు పోయండి. టూత్‌పేస్టు, సిరా, ఐసు వద్దు. బొబ్బలు వచ్చినా, ముఖం మీద పడినా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పిడుల సంగతి కూడా ఇందులోదే. ట్రే రేకులోనే కోసి మలిచిన పిడి ఊడదు. స్క్రూలతో బిగించిన పిడి నెలకోసారి బిగించాలి. చుక్క వెల్డింగు పిడిని షాపులోనే గట్టిగా లాగి చూడండి, సిగ్గుపడొద్దు. నున్నటి స్టీలు మీద గ్లాసులు జారకుండా తడి గుడ్డ ఒకటి పరిస్తే సరిపోతుంది, దానికోసం రబ్బరు మ్యాటు కొనక్కర్లేదు.

కప్పులు, గ్లాసులు

సెట్టు కొనొద్దు. ఇది నా గట్టి అభిప్రాయం. ఆరు కప్పుల సెట్టులో రెండు పగిలితే మిగిలిన నాలుగూ మెహమాన్ ముందు పెట్టలేం, ఆ డిజైను మళ్ళీ దొరకదు. సాదా తెల్లవో, సాదా గాజువో విడిగా అమ్మేవి తీసుకోండి. ఆరు కావాలంటే ఎనిమిది కొనండి. రెండేళ్ళ తర్వాత కూడా అదే రకం దొరుకుతుంది, జత కలుస్తుంది.

రోజువారీకి టఫెన్డ్ గాజు గ్లాసు చవకలో మంచిది. మామూలు గాజు పలచగా ఉంటే మరిగే చాయ్ పోయగానే చిట్లుతుంది. బోరోసిలికేట్ గాజు వేడికి వ్యాకోచించేది మామూలు గాజులో మూడో వంతే, అందుకే అది తట్టుకుంటుంది. కాకపోతే ధర ఎక్కువ, కిందపడితే అదీ పగిలేదే. కూల్‌డ్రింకు తాగిన చల్లటి గ్లాసులో చాయ్ పోయకండి. ముందు గోరువెచ్చటి నీళ్ళు తిప్పి పారబోయండి.

బోన్ చైనా గురించి అడిగేవాళ్ళు చాలామంది. పేరులో ఉన్నట్టే అందులో ఎముకల బూడిద ఉంటుంది, సగం దాకా కూడా. ఎక్కువగా పశువుల ఎముకలు. హనఫీ ఫిఖ్‌లో పంది తప్ప మిగతా జంతువుల ఎముక పాక్ గానే లెక్క, అందుకని చాలామంది ఉలమా అభ్యంతరం చెప్పరు. మనసు ఒప్పకపోతే ఓపల్ గాజు కప్పులు తీసుకోండి. తెల్లగా అలాగే కనిపిస్తాయి, అది ఒట్టి గాజు, ఎముక ఉండదు. ధరలో కూడా అందుబాటు.

కప్పు లోపల, పెదవి తగిలే అంచు మీద రంగులు, బంగారు గీతలు ఉన్నవి నేను కొనను. నాసిరకం రంగుల్లో సీసం, కాడ్మియం ఉండే అవకాశం ఉంది. గిల్టు గీత మైక్రోవేవ్‌లో నిప్పురవ్వలు వేస్తుంది. బొమ్మ కావాలంటే బయట వైపు, మధ్యలో ఉన్నది చూసుకోండి. కొనేముందు గోటితో కొట్టండి. ఖంగుమంటే బాగున్నట్టు, డబ్బుమంటే ఎక్కడో సన్న చీలిక ఉన్నట్టు. బల్ల మీద పెట్టి ఊగుతుందేమో చూడండి. పిడిలో పెద్దవాళ్ళ వేళ్ళు మూడు పట్టాలి. కీళ్ళనొప్పులున్న అమ్మలకి చిన్న పిడి కప్పు ఇస్తే పడేస్తారు, తిట్లు మనకి.

జహేజ్‌లో వచ్చిన సెట్టు షోకేసులో ఉండి, మనం కొత్త గ్లాసుల కోసం బజారుకి పోవడం చాలా ఇళ్ళల్లో ఉన్నదే. ముందు షోకేసు తెరవండి. ఆ సెట్టు కోసం ఒక తండ్రి అప్పు చేసి ఉండొచ్చు.

కాచే గిన్నె, కేత్లీ, ఫ్లాస్కు

డబ్బు ఎక్కడైనా ఎక్కువ పెట్టాలంటే కాచే గిన్నె మీదే. పలచ స్టీలు గిన్నెలో పాలు అడుగంటుతాయి, మందపు అడుగుది తీసుకోండి. సత్తు గిన్నెల్లో ఒక జాగ్రత్త ఉంది. తుక్కు లోహాలు కరిగించి పోతపోసిన అల్యూమినియం పాత్రల్లో సీసం కలిసే ప్రమాదం ఉంది. అమెరికాలో కింగ్ కౌంటీ ఆరోగ్యశాఖ అఫ్ఘాన్ శరణార్థుల పిల్లల రక్తంలో సీసం ఎందుకుందని వెతుకుతూ వాళ్ళ అల్యూమినియం వంటపాత్రల దగ్గరికి చేరింది. 2025 ఆగస్టులో అక్కడి ఎఫ్‌డీఏ, హిండాలియం, ఇండాలియం పేర్లతో వచ్చే వాటితో సహా కొన్ని పాత్రల నుంచి సీసం దిగుతోందని హెచ్చరించింది. సీసం ఎక్కువ దెబ్బతీసేది చిన్నపిల్లల మెదడుని. ఇంట్లో ఉన్న ప్రతి సత్తు గిన్నె విషమని కాదు. మార్కు లేని, తూకానికి బాగా చవకగా ఇచ్చే పోత పాత్రలో రోజూ చాయ్ మరిగించొద్దు, అంతే.

నానమ్మల ఇత్తడి కేత్లీలు ఉన్నవాళ్ళు పారేయకండి. కళాయి వేయిస్తే అవి ఇంకో తరం పనిచేస్తాయి. కళాయి శుద్ధమైన తగరంతో వేయాలి, సీసం కలపకూడదు. వేసేవాడిని అడిగి, ఎదురుగా ఉండి చేయించుకోండి. కళాయి పోయిన ఇత్తడిలో నిమ్మకాయ చాయ్ అసలు వద్దు. కొత్త ఇత్తడి కావాలంటే గోదావరి వైపు తణుకు దగ్గర అజ్జరం ఆ పనికి పేరున్న ఊరు.

ఫ్లాస్కు కొనేటప్పుడు షాపులోనే వేడినీళ్ళు పోయించి పది నిమిషాలు ఆగండి. బయటి గోడ వెచ్చబడితే లోపలి వాక్యూమ్ పోయినట్టే. మూత తిప్పి రబ్బరు వాషరు చూడండి, అది విడిగా దొరుకుతుందా అని అడగండి. రెండేళ్ళ తర్వాత ఫ్లాస్కు బాగుండి వాషరు పోయి మూలపడ్డవి ఎన్ని ఇళ్ళల్లో లేవు?

ఎక్కడ, ఎప్పుడు

విజయవాడలో వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల వీధులు తిరిగితే మూడు నాలుగు చోట్ల ధర తెలుస్తుంది. బీసెంట్ రోడ్డు కళ్ళకి బాగుంటుంది, అక్కడ గ్లాసులు, ప్లాస్టిక్ చూడండి, స్టీలు మాత్రం తూకం వేసే షాపులోనే. గొల్లపూడి హోల్‌సేల్ కాంప్లెక్స్‌కి ఒక ట్రే కోసం ఆటో కట్టుకుని వెళ్ళడం దండగ. నలుగురు ఇళ్ళవాళ్ళు కలిసి డజన్ల లెక్కన తీసుకుంటే అప్పుడు ఆలోచించండి. హైదరాబాద్ బేగంబజారులో చవక అని తెప్పించుకునేవాళ్ళున్నారు. గాజు సామాను దారిలో పగిలితే ఆ చవక అక్కడికక్కడే పోతుంది.

రంజాన్ చివరి పది రోజుల్లో కొనొద్దు. షాబాన్‌లోనే ముగించుకుంటే బేరానికి టైము ఉంటుంది. ధన త్రయోదశి ముందు కూడా స్టీలు షాపుల్లో రద్దీ, ఎవరూ తగ్గించరు. 2025 సెప్టెంబరు 22 నుంచి స్టీలు, ఇత్తడి, అల్యూమినియం వంటింటి పాత్రల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో ఆ అంకె చూసుకోండి.

ఇఫ్తార్‌కో, నికాకో వందమంది వస్తే కొనక్కర్లేదు, షామియానా సప్లయర్ల దగ్గర గ్లాసులు, ట్రేలు అద్దెకి ఇస్తారు. ప్లాస్టిక్ కప్పులు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. పేపరు కప్పు మంచిదనుకుంటాం గానీ దాని లోపలా సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం 15 నిమిషాలు ఉంచితే 25 వేల దాకా మైక్రోప్లాస్టిక్ రేణువులు దిగుతున్నాయని ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో లెక్క తేల్చారు. మొహల్లాలో పది ఇళ్ళు తలా కొంచెం వేసుకుని వంద స్టీలు గ్లాసులు కొని మస్జిదు కమిటీ దగ్గర పెట్టుకుంటే ప్రతి ఏడూ కప్పుల ఖర్చు తప్పుతుంది. కడిగే మనిషిని ముందే మాట్లాడుకోవాలి, లేకపోతే మూడో రోజుకే మళ్ళీ పేపరు కప్పులు వస్తాయి.

వాడకం, కడగడం

చాయ్ మరకకి వంటసోడా తడిపి రుద్ది అరగంట ఆగితే చాలు. స్టీలు పీచుతో గట్టిగా తోమితే గీతలు పడి, ఆ గీతల్లోనే మరక, తుప్పు కూర్చుంటాయి. ఉప్పునీళ్ళ ఊళ్ళలో చివరిసారి మంచినీళ్ళతో ఒక్కసారి తొలిచి, గుడ్డతో తుడిచి పెట్టండి. ఫ్లాస్కు మూత తీసే ఆరబెట్టండి, మూసి పెడితే వాసన పడుతుంది.

వరద నీళ్ళలో మునిగిన సామానులో స్టీలు, పగలని గాజు, కళాయి ఉన్న ఇత్తడి సబ్బుతో కడిగి, నీళ్ళలో మరగబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. గాజుని చల్లటి నీళ్ళలో పెట్టి మెల్లగా వేడి చేయాలి, మరిగే నీళ్ళలో వేస్తే పగులుతుంది. ఎండీఎఫ్ ట్రేలు, గీతలు పడ్డ మెలమైన్, చీలికలున్న కప్పులు తీసేయండి, మురికి నీరు వాటి లోపలికి దిగి ఉంటుంది. ఫ్లాస్కు ప్లాస్టిక్ ఒంటికీ లోపలి సీసాకీ మధ్య నీళ్ళు చేరితే, ఊపితే గలగలమని తెలుస్తుంది. అది ఎంత కొత్తదైనా ఉంచుకోకండి.